మొదటి లైవ్‌అబోర్డ్: మునిగిన ఓడలు ముందా, దూరపు రీఫ్‌లు ముందా?

కడలిపిట్ట:

అందరికీ నమస్కారం. నాకు స్కూబా డైవింగ్‌లో అడ్వాన్స్‌డ్ ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ ఉంది. లాగ్‌బుక్‌లో ముప్పై చిల్లర డైవ్‌లు ఉన్నాయి. అన్నీ ఒడ్డు నుంచో, పొద్దున వెళ్లి మధ్యాహ్నానికి తిరిగొచ్చే చిన్న బోట్ల మీదో చేసినవే. ఇప్పుడు వారం రోజులు బోటులోనే తిని, పడుకుని, డైవ్ చేసే లైవ్‌అబోర్డ్‌కి మొదటిసారి వెళ్దామనుకుంటున్నాను. ఈజిప్టు వైపు ఎర్ర సముద్రం అని తేల్చుకున్నా. కానీ రూటు దగ్గర ఆగిపోయాను.

ఒకటి ఉత్తరం రూటు: థిసిల్‌గార్మ్ అనే మునిగిన ఓడ, అబూ నుహాస్ రీఫ్ దగ్గరి మునిగిన ఓడలు. రెండోది బ్రదర్స్, డెడలస్, ఎల్ఫిన్‌స్టోన్ రీఫ్‌లు (పగడపు దిబ్బలు). నాకు సొరచేపలంటే ప్రాణం, కాబట్టి మనసు రెండోదాని వైపే లాగుతోంది. ఓడ లోపలికి దూరడమంటే మాత్రం టెన్షన్. లోపలికి వెళ్లకపోతే రెక్ (మునిగిన ఓడల) ట్రిప్ వృథా అవుతుందా? నైట్రాక్స్ (ఆక్సిజన్ ఎక్కువ కలిపిన గాలి) కోర్సు ఇప్పుడే చేయాలా? తోడుగా బడ్డీ కూడా ఎవరూ లేరు, ఒక్కదాన్నే వస్తున్నాను.

ఇనుపరెక్క:

కడలిపిట్ట గారూ, ఈసారికి ఉత్తరం రూటుకే వెళ్లండి. సొరచేపల మీద ఇష్టం ఉన్నా సరే, ముందు ఉత్తరమే.

బ్రదర్స్ అంటే నడిసముద్రంలో, తీరానికి దాదాపు 60 కిలోమీటర్ల దూరాన ఉన్న రెండు చిన్న దీవులు. రీఫ్ గోడలా నిట్టనిలువుగా కిందికి దిగిపోతుంది, కాళ్ల కింద నేల కనిపించదు. జోడియాక్ (గాలి నింపిన రబ్బరు పడవ) నుంచి వెనక్కి పడి దిగుతారు, ఒక్కోసారి పైన ఆగకుండా నేరుగా కిందికి వెళ్లిపోమంటారు. దీవి కొన దగ్గర ప్రవాహం రెండుగా చీలుతుంది. మీరు ఏ పాయలో పడ్డారో గమనించుకోకపోతే రీఫ్ వెనక్కి వెళ్లిపోతుంది, మీరు నీలంలో మిగులుతారు. అక్కడ ఎస్‌ఎంబీ (మీరెక్కడున్నారో బోటుకి చూపే, గాలి నింపి పైకి వదిలే గొట్టం) సొంతంగా ఎగరేయగలగాలి, అదీ లోతు మారకుండా. అందుకే ఆ రూటుకి చాలా బోట్లు 50 లాగ్ డైవ్‌లు అడుగుతాయి. ఆ షరతు సరైనదేనని నా నమ్మకం. ఎవరైనా బోటువాళ్లు తక్కువున్నా ఫర్వాలేదు రమ్మంటే, ఆ బోటునే అనుమానించండి.

ఇక థిసిల్‌గార్మ్. దీని గురించి తెలుసుకుని దిగితే అనుభవమే వేరు, అందుకే కొంచెం ఎక్కువ రాస్తున్నాను. రెండో ప్రపంచ యుద్ధంలో ఈజిప్టులోని బ్రిటిష్ సైన్యానికి సామాను తెచ్చిన సరుకు ఓడ ఇది. మధ్యధరాలో శత్రువుల భయం ఉండటంతో ఆఫ్రికా చుట్టూ తిరిగి వచ్చింది. గుబాల్ జలసంధిలో లంగరు వేసి సూయెజ్ వైపు వెళ్లే వంతు కోసం ఎదురుచూస్తుండగా 1941 అక్టోబరు 6 తెల్లవారకముందే జర్మన్ బాంబర్లు కొట్టాయి. బాంబులు వెనక భాగంలో మందుగుండు ఉన్న గదిలో పడ్డాయి. ఆ పేలుడుకి ఓడ విరిగింది, పైన కట్టి ఉంచిన రైలింజన్లు ఎగిరి పక్కన సముద్రం అడుగున పడ్డాయి. తొమ్మిది మంది చనిపోయారు: నలుగురు ఓడ సిబ్బంది, అయిదుగురు నేవీ గన్నర్లు. 1950లలో ఫ్రెంచి సముద్ర అన్వేషకుడు కూస్తో బృందం దాన్ని మళ్లీ కనిపెట్టింది.

ఇప్పుడు అది దాదాపు 30 మీటర్ల లోతున, ముందు భాగం నిటారుగా కూర్చుని ఉంది. ముందు గదుల్లో బెడ్‌ఫర్డ్ లారీలు, వాటి మీద వరసగా బీఎస్‌ఏ మోటారుసైకిళ్లు, రైఫిళ్లు, రబ్బరు బూట్లు. హ్యాండిల్స్, టైర్లు, సీటు స్ప్రింగులు గుర్తుపట్టేలా ఉన్నాయి. దయచేసి దేన్నీ ముట్టుకోకండి, సీట్ల మీద కూర్చుని ఫొటోలు దిగకండి. ఇన్నేళ్లలో బైకుల భాగాలు విరిచి పట్టుకెళ్లినవాళ్లు చాలామంది. అది చూసిన ప్రతిసారీ నాకు కడుపు మండుతుంది. బోట్లు ఓడ ఇనుముకే తాళ్లు కట్టడం వల్ల కూడా రెయిలింగులు, డెక్కు పలకలు ఊడిపోయాయి. మనం చూడ్డానికి వెళ్తున్నది తొమ్మిది మంది ప్రాణాలు పోయిన చోటు. ఆ మాట బ్రీఫింగ్‌లో చెప్పే గైడ్ దొరికితే మీ అదృష్టం.

లోపలికి వెళ్లకపోతే వృథానా? కానే కాదు. మొదటి డైవ్ మొత్తం బయటే చేయండి. తాడు పట్టుకుని దిగండి, పైన ప్రవాహం గట్టిగా ఉంటుంది. డెక్కు చాటుకి చేరగానే అది సగానికి తగ్గినట్టు తెలుస్తుంది. వెనక భాగంలో విమానాల్ని కొట్టే తుపాకీ ఉంది. విరిగిన చోట చెల్లాచెదురుగా పడిన మందుగుండు ఉంది. రైలింజన్ల దగ్గరికి వెళ్తే లోతు 30 మీటర్లు దాటకుండా డైవ్ కంప్యూటర్ చూసుకోండి. రెండో డైవ్‌లో గైడ్‌తో కలిసి, వెలుగు కనిపించే పెద్ద సరుకు గదుల్లోకి వెళ్లొచ్చు. అక్కడ రెండు వైపులా దారి ఉంటుంది. చీకటి సందుల్లోకి, సిబ్బంది గదుల్లోకి మాత్రం రెక్ శిక్షణ, గైడ్‌లైన్ రీలు (బయటికి దారి చూపే తాడు చుట్ట), రెండు టార్చీలు లేకుండా వద్దు. ఫిన్ (కాలికి తొడిగే రెక్క) ఒక్కటి తప్పుగా ఆడిస్తే చాలు, తుప్పు, మట్టి లేచి చెయ్యి చాపితే చెయ్యి కనబడదు.

మీలాంటి వారికి అసలైన ఓడ అబూ నుహాస్‌లోని కార్నాటిక్. 1869 సెప్టెంబరులో సూయెజ్ నుంచి బొంబాయికి బయలుదేరిన ప్రయాణికుల ఓడ అది. సూయెజ్ కాలువ ఇంకా తెరుచుకోలేదు, మరో రెండు నెలలు పట్టింది. రాత్రి రీఫ్‌కి కొట్టుకుంది. సాయానికి ఇంకో ఓడ వస్తుందని కెప్టెన్ ప్రయాణికుల్ని దించకుండా ఉంచాడు. మర్నాడు ఓడ విరిగింది, 31 మంది పోయారు. ఆ ఓడకి అస్థిపంజరం ఇనుము, పైపలకలు చెక్క. చెక్క అంతా చివికిపోయి ఇనుప పక్కటెముకలే మిగిలాయి. అందుకని ఎటు చూసినా వెలుగు, ఎటు తిరిగినా బయటి నీళ్లు. గాజులాంటి చిన్న చేపలు గుంపులుగా ఆ ఎముకల మధ్య తెరలా కదులుతాయి. మీ టెన్షన్ అక్కడ తగ్గుతుంది.

పక్కనే ఉన్న జియానిస్ డి, 1983లో మునిగిన కలప ఓడ, ఫొటోల్లో చాలా అందంగా ఉంటుంది. వెనక భాగం బాగా ఒరిగి ఉంటుంది కాబట్టి లోపల మెట్లు, గోడలు ఒక వాలులో, మీ బుడగలు ఇంకో వాలులో కనిపించి కళ్లు తిరుగుతాయి. దాన్ని బయటి నుంచి చూడండి చాలు.

బుడగలబాట:

నైట్రాక్స్ సంగతి నేను చెప్తాను. చేసి వెళ్లండి. రోజుకి మూడు నాలుగు డైవ్‌లు, వరసగా అన్ని రోజులూ. ఒంట్లో నైట్రోజన్ ఒక రోజుదానికి ఇంకో రోజుది తోడవుతూ పోతుంది. 32 శాతం ఆక్సిజన్ మిశ్రమంతో పీపీఓ2 (ఆక్సిజన్ పాక్షిక పీడనం) 1.4 దగ్గర గరిష్ఠ లోతు సుమారు 33 మీటర్లు, థిసిల్‌గార్మ్ డెక్కుకీ సరుకు గదులకీ అది చక్కగా సరిపోతుంది. మామూలు గాలి మీద అదే లోతున నో-డెకో సమయం (పైకొచ్చేటప్పుడు తప్పనిసరిగా ఆగే పని పడకుండా కింద ఉండగల సమయం) గబగబా కరిగిపోతుంది.

ఒక్క పని మాత్రం ఎవరికీ అప్పగించకండి. ప్రతి సిలిండర్‌నీ మీ చేత్తో అనలైజర్ పెట్టి కొలిచి, శాతం, లోతు టేపు మీద రాసి, రిజిస్టర్‌లో సంతకం పెట్టండి. కంప్యూటర్‌లో ఆ శాతమే సెట్ చేయండి. బోటులో తొందరపెడతారు, పెట్టనివ్వండి.

మూడో రోజుకి అలసట తెలుస్తుంది. నైట్ డైవ్ మానేసి పడుకుంటే ఎవరూ ఏమీ అనుకోరు. నేను మానేస్తాను, సిగ్గుపడను.

రాత్రికాపలా:

ఇద్దరూ నీళ్ల కింద సంగతే చెప్పారు. నాకు నీళ్ల పైన ఉన్న బోటు గురించే ఎక్కువ బెంగ. 2019 సెప్టెంబరు 2న కాలిఫోర్నియాలో కన్సెప్షన్ అనే డైవ్ బోటు రాత్రి కాలిపోయి, కింది అంతస్తులో నిద్రపోతున్న 34 మంది చనిపోయారు. రాత్రి తిరుగుతూ కాపలా కాసే మనిషి లేడని దర్యాప్తులో తేలింది. పడకల గదికి రెండు దారులున్నా రెండూ పై అంతస్తులోని ఒకే హాల్లోకి తెరుచుకున్నాయి, మంటలు ఉన్నది ఆ హాల్లోనే. ఎర్ర సముద్రంలోనూ ఈమధ్య లైవ్‌అబోర్డ్‌లు కాలిన, మునిగిన ఘటనలు జరిగాయి.

కాబట్టి డబ్బు కట్టేముందే మెయిల్ చేసి అడగండి. రాత్రంతా మెలకువగా తిరిగే సిబ్బంది ఉన్నారా? కేబిన్ల నుంచి రెండో దారి ఎక్కడికి వెళ్తుంది? కెమెరా, టార్చీ బ్యాటరీలు ఎక్కడ ఛార్జ్ చేస్తారు, ఎవరు చూస్తుంటారు? మొదటి రోజు ఆ రెండో దారి గుండా ఒకసారి నడిచి చూడండి. తలుపు తీస్తే తెరుచుకోవాలి, అడ్డంగా సామాను ఉండకూడదు. బ్యాటరీని కేబిన్‌లో ఛార్జింగ్‌కి పెట్టి నిద్రపోవద్దు, పక్క కేబిన్ వాళ్లు పెట్టినా మొహమాటపడకుండా చెప్పండి.

కడలిపిట్ట:

అందరికీ చాలా థాంక్స్. ఉత్తరం రూటే బుక్ చేస్తాను, నైట్రాక్స్ ముందే పూర్తి చేస్తాను. రాత్రికాపలా గారు చెప్పిన ప్రశ్నలు ఈరోజే మెయిల్ చేశా. ఇంకో రెండు విషయాలు: చివరి డైవ్‌కీ ఫ్లైట్‌కీ మధ్య ఎంత గ్యాప్ ఉండాలి? బడ్డీ లేనివాళ్లని ఎలా సర్దుతారు?

ఇనుపరెక్క:

చాలా రోజులు వరసగా డైవ్ చేశాక కనీసం 18 గంటలు ఆగాలని డైవర్ల భద్రతా సంస్థ డాన్ సలహా. నేను 24 గంటలు పెట్టుకుంటాను. సాధారణంగా బోటువాళ్లే చివరి రోజు పొద్దున రెండు డైవ్‌లతో ఆపేస్తారు. మీ టికెట్ మర్నాడు మధ్యాహ్నం తర్వాత ఉండేలా చూసుకోండి.

బడ్డీ విషయంలో గైడ్‌కి మొదటి సాయంత్రమే మూడు మాటలు చెప్పండి: మీ డైవ్‌ల సంఖ్య, గాలి ఎంత త్వరగా అవుతుంది, ఓడ లోపలికి వెళ్లరని. కెమెరా పట్టుకున్న వాళ్లతో జత కలిపితే మార్చమని అడగండి, వాళ్ల కళ్లు స్క్రీన్ మీదే ఉంటాయి. మొదటి డైవ్ చెక్ డైవ్. అక్కడే ఆ బడ్డీతో ఎస్‌ఎంబీ ఒకసారి ఎగరేయండి. మునగడానికి పెట్టుకునే బరువులు కూడా అప్పుడే సరిచూసుకోండి. ఎర్ర సముద్రంలో ఉప్పు ఎక్కువ, మామూలుగా పెట్టుకునే దానికన్నా ఒకటి రెండు కిలోలు ఎక్కువ పట్టొచ్చు. సిలిండర్ ఖాళీ అవుతున్నప్పుడు అయిదు మీటర్ల దగ్గర నిలబడగలుగుతున్నారో లేదో చూసుకున్నాకే థిసిల్‌గార్మ్ తాడు పట్టుకోండి.