గుంతకల్లులో పియానో వాయించే గార్డు దొరగారు ఎవరికైనా గుర్తున్నారా?

గుంతకల్లు_మనవడు:
అందరికీ నమస్కారం. గుంతకల్లు రైల్వే కాలనీలో పెరిగినవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి. గూడ్స్ గార్డుగా రిటైరై, క్వార్టర్స్ ఖాళీ చేశాక కూడా ఊరు వదలకుండా అద్దింట్లో ఉండిపోయిన ఆంగ్లో ఇండియన్ పెద్దాయన ఒకరుండేవారు. గార్డు దొరగారు అనేవాళ్ళం. పోయిన నెల కాలం చేశారు. ఆయన గుర్తుగా చర్చిలో ఒక సాయంత్రం పెడుతున్నారు, ఒక పేజీ రాసివ్వమని నన్ను అడిగారు. నాకు తెలిసిందల్లా ఆదివారం ఆరాధన పాటలు, క్రిస్మస్‌కి పిల్లలందరినీ కూడేసి పాడించడం, అంతే. మా నాన్న మాత్రం "అవి మామూలు వాయింపు కాదురా, ఆయన జాజ్ మనిషి" అంటాడు, అమెరికా నల్లవాళ్ళ సంగీతం ఉంది చూడండి, అది. గుంతకల్లేంది, జాజేంది? నిజంగా జాజేనా, ఎక్కడ నేర్చుకున్నారు, ఎవరి దగ్గర? "మంచి మనిషి, అందరితో ప్రేమగా ఉండేవారు" అని రాస్తే అది ఎవరికైనా సరిపోతుంది కదా, ఆయనకు మాత్రమే సరిపోయేది కావాలి.

రిటైర్డ్_టీటీ:
నాయనా, మీ నాన్న చెప్పింది నిజమే. నేను సర్వీసులో చేరేటప్పటికే ఆయన గార్డు. ముందు ఆ కాలం ఎట్లా ఉండేదో చెప్తే గానీ నీకు అర్థం కాదు. అప్పట్లో రైల్వే ఇన్‌స్టిట్యూట్లంటే, అవి రైల్వేవాళ్ళ క్లబ్బులు, శనివారం డాన్సు, హౌసీ (తంబోలా), బిలియర్డ్స్ టేబులు, క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా రోజూ సందడే. డ్రైవర్లు, గార్డులు, కంట్రోలర్లు చాలామంది ఆంగ్లో ఇండియన్లే. రాజ్యాంగంలో 336వ అధికరణం కింద రైల్వే, కస్టమ్స్, పోస్టల్, టెలిగ్రాఫ్ ఉద్యోగాల్లో వాళ్ళకు కోటా ఉండేది, రెండేళ్ళకోసారి తగ్గుతూ పదేళ్ళకు, అంటే 1960కి అయిపోయింది. ఆ తర్వాత ఒక్కో కుటుంబమే ఇంగ్లండుకో ఆస్ట్రేలియాకో వెళ్ళిపోయింది. వెళ్ళేవాళ్ళు సామాన్లు అమ్ముకుని పోతారు, దొరగారి పియానో అట్లా వచ్చిందే. మంచం, బీరువా కొనాల్సిన డబ్బుతో దాన్ని కొన్నాడని వాళ్ళమ్మ రెండు రోజులు మాట్లాడలేదంట.

ఇక నేర్చుకోవడం అంటావా, వేళ్ళు పెట్టడం ఒక ముసలి టీచరమ్మ నేర్పింది. మిగతాదంతా షార్ట్ వేవ్ రేడియోనే గురువు. వాయిస్ ఆఫ్ అమెరికాలో 1955 నుంచి విల్లిస్ కొనోవర్ అని ఒకాయన జాజ్ ప్రోగ్రాం చేసేవాడు, ఇంగ్లీషు అంతంతమాత్రం వచ్చినవాళ్ళకు కూడా తెలిసేటట్టు నిదానంగా, గంభీరంగా మాట్లాడేవాడు. ఆ ప్రోగ్రాం మొదట్లో వచ్చే సంగీతం డ్యూక్ ఎల్లింగ్టన్ బ్యాండుది, "టేక్ ది ఎ ట్రెయిన్". రాసింది బిల్లీ స్ట్రేహార్న్, న్యూయార్క్‌లో సొరంగంలో పోయే రైలు మీద. మా దొరగారికి రైలు పేరుతో పాట ఉందంటే చాలు, ఇంకేం కావాలి! నైట్ డ్యూటీ లేనినాడు రేడియో పక్కన కూచుని వినేవాడు, తెల్లారి పియానో మీద వెతుక్కునేవాడు. కాగితం ముక్క మీద కూడా ఏమీ రాసుకునేవాడు కాదు.

ఇంకోటి రాయి. అప్పుడు పట్టాలకు అతుకులుండేవి, ఇప్పటిలాగా పొడుగునా వెల్డింగు లేదు. బ్రాడ్ గేజ్ పట్టా 13 మీటర్లు, మీటర్ గేజ్‌ది 12. గూడ్స్ బండిలో చివర బ్రేక్ వ్యాన్‌లో ఒక్కడే కూచుని, కింద అతుకుల చప్పుడుకి తన సామాన్ల పెట్టె, లైన్ బాక్స్ అంటారు, దాని మీద వేళ్ళతో వాయించుకుంటూ పోయేవాడు. డోన్ లైన్‌ది ఒక నడక, గుత్తి లైన్‌ది ఇంకో నడక అని చెప్పేవాడు, మేం నవ్వేవాళ్ళం.

అనంతపురం_వాసు:
పెద్దాయన గురించి నాకూ మంచి అభిప్రాయమే, కానీ ఒక మాట. ఇన్‌స్టిట్యూట్ డాన్సుల్లో వాయించేది ఫాక్స్‌ట్రాట్, వాల్ట్జ్, జనం అడిగిన సినిమా పాటలు. దాన్ని జాజ్ అనడం ఈమధ్య ఫ్యాషన్ అయింది. పియానో వాయించిన ప్రతి ముసలాయన్నీ చచ్చిపోయాక జాజ్ మాస్టర్ని చేస్తున్నాం. చర్చిలో ఆయన వాయించిన పాటలు నేనూ విన్నా, అవి కీర్తనలే.

మృదంగం_కడప:
వాసు అన్నా, నువ్వు చర్చిలో వెనక బెంచీలో కూచుని విన్నట్టున్నావ్. ఎడమచెయ్యి విన్నావా ఎప్పుడైనా?

మాది కడపే గానీ నాన్న ఉద్యోగం వల్ల హైస్కూలు గుంతకల్లులో చదివినా. సాయంత్రం మృదంగం క్లాసు అయ్యాక వాళ్ళింటికి పోయేవాణ్ణి, బిస్కెట్లు పెడతారని (దాచేదేముంది). జాజ్ అంటే ఏ పాట అన్నది కాదు, దాన్ని ఎట్లా పట్టుకుంటావన్నది. సమానంగా ఉండాల్సిన రెండు అక్షరాల్లో మొదటిదాన్ని సాగదీసి రెండోదాన్ని కురచ చేస్తారు, మన లెక్కలో తకిటలో మధ్య అక్షరం మింగేసినట్టు. దొరగారి కుడిచెయ్యి కీర్తన వరసని బుద్ధిగా వాయిస్తున్నా ఎడమచెయ్యి మాత్రం అట్లా ఊగుతూనే ఉండేది, పాస్టరుగారు గమనించలేదో, గమనించి ఊరుకున్నారో. ఇంకా గాంధారం, అదే గ స్వరం సంగతి. మన గాయకులైతే గమకంతో సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ మధ్యలో తిరుగుతారు. పియానోకి ఆ వీలు లేదు, మెట్టుకీ మెట్టుకీ మధ్యలో ఏమీ లేదు. అందుకని బ్లూస్ (జాజ్‌కి మూలమైన పాటలు) వాయించేవాళ్ళు చిన్న గాంధారాన్ని ఇట్లా తాకి వెంటనే పెద్దదాని మీదికి జారతారు, ఒక్కోసారి రెండూ కలిపి నొక్కేస్తారు. సమాధి కాడ పాడే పాటలో కూడా ఆయన అది చేయడం నేను విన్నా. ఫాక్స్‌ట్రాట్ వాయించేవాడికి అది ఎందుకు అక్కర వస్తుంది చెప్పు.

బ్లూస్ నాకు నేర్పింది ఆయనే. పన్నెండు బార్లు, అంటే మన ఆవృత్తాల్లాంటివి, మూడే కార్డులు, అంటే కలిపి నొక్కే స్వరాల గుంపులు, సా మీద ఒకటి, మా మీద ఒకటి, పా మీద ఒకటి. చట్రం అంతే, లోపల కల్పన స్వరం వేసినట్టు ఎవరికి తోచింది వాళ్ళు వాయించుకోవడమే. తప్పు స్వరం పడితే ఆగనిచ్చేవారు కాదు, "అదే మళ్ళీ వాయించు, ఈసారి కావాలని వాయించు" అనేవారు.

ఒకరోజు ఖండచాపు, ఐదు లెక్క తాళం, వెయ్యమన్నారు. నేను తక తకిట మొదలుపెట్టా, ఆయన దాని మీద ఏదో ఎత్తుకున్నారు, నాలుగు ఆవృత్తాలకే ఇద్దరం గొడవ. లెక్క ఐదే, సమం కూడా కలుస్తోంది, అయినా ఎక్కడో తన్నుకుంటోంది. తర్వాత చూస్తే అది డేవ్ బ్రూబెక్ క్వార్టెట్ 1959లో రికార్డు చేసిన "టేక్ ఫైవ్", పాల్ డెస్మండ్ రాసింది. అందులో ఐదు మూడూ రెండుగా విరుగుతుంది, తకిట తక. నాది రెండూ మూడు. ఆయన మార్చుకోలేదు, నన్నూ మార్చనివ్వలేదు. అట్లా తన్నుకుంటూనే వాయించాం, వాళ్ళావిడ వచ్చి పక్కింట్లో పరీక్షల పిల్లలున్నారని మూత వేసేదాకా.

అనంతపురం_వాసు:
గాంధారం సంగతి సరే, అది ఒప్పుకుంటా. కానీ అంత విద్య ఉంటే మద్రాసు ఎందుకు పోలేదు? అప్పట్లో సినిమా ఆర్కెస్ట్రాల్లో పియానో వాయించేవాళ్ళకి పని దొరికేది కదా. గుంతకల్లు నుంచి రాత్రి బండి ఎక్కితే పొద్దునకి మద్రాసు.

రిటైర్డ్_టీటీ:
నేనూ అడిగినా అప్పా. పాస్ ఉంది, బండి ఉంది, పోవచ్చు కదా అన్నా. అక్కడ నొటేషన్ ముందు పెట్టి వాయించమంటారు, అట్లా అయితే గూడ్స్ బండి నడపడానికీ దానికీ తేడా ఏముంది, సిగ్నలు చూసి పోవడమే అన్నాడు. వాళ్ళావిడ వేరే మాట చెప్తుంది, భయం అని. ఏది నిజమో నువ్వు రాయొద్దులే, రెండూ ఉండొచ్చు.

రీడ్లు_శ్రుతి:
మా నాయన అనంతపురంలో హార్మోనియంలు బాగుచేసేవాడు. ఆ పియానోకి మా నాయనే డాక్టరు, ఇంకెవరూ దొరక్క. పియానో పని ఆయనకు రాదు, దొరగారే ఏదో పుస్తకం చదివి చెప్తుంటే మా నాయన చేసేవాడు. మన ఎండలకు చెక్క ఆరిపోయి కుంచించుకుపోతుంది, అప్పుడు తీగలు చుట్టిన పిన్నులు వదులైపోతాయి, శ్రుతి దిగిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో కింది పలక తీసి లోపల నీళ్ళ బక్కెట్ పెట్టేవాళ్ళు, గాలి మరీ ఎండిపోకుండా. ఎలుకలకు ఒక మందు, ఫెల్టు తినే పురుగులకు కలరా ఉండలు, ఆ ఇంట్లో పాట కంటే ముందు వాసన వచ్చేది.

దిగి దిగి చివరికి మొత్తం అర స్వరం కిందికి పోయింది. సెకనుకు 440 సార్లు కంపించాల్సిన స్వరం 415 దగ్గర ఆగింది. ఇద్దరూ కూచుని, ఇక పైకి లాగితే పాత తీగలు తెగుతాయి, ఉన్నచోటనే అన్నీ ఒకదానికొకటి సరిచేద్దాం అని తీర్మానించుకున్నారు. దాంతో బళ్ళారి నుంచి వచ్చే క్లారినెట్ ఆయనకు ప్రాణం మీదికి వచ్చేది. ఫిడేలైతే దించుకోవచ్చు, క్లారినెట్ అంత దిగదు కదా, ప్రతి పాటా అర స్వరం కిందికి లెక్కేసుకుని వాయించాలి. తిట్టుకుంటూనే మళ్ళీ వారం వచ్చేవాడు.

గుంతకల్లు_మనవడు:
అందరికీ చాలా థాంక్స్, నాకు కావాల్సింది ఇదే. బ్రేక్ వ్యాన్ సంగతి, రెండు గాంధారాల సంగతి తప్పకుండా రాస్తా. మద్రాసు ముచ్చట వదిలేస్తా. క్యాసెట్లేమైనా ఎవరి దగ్గరైనా ఉన్నాయా? ఇంట్లోవాళ్ళు ఏమీ లేవంటున్నారు. ఇంకోటి, ఆ సాయంత్రం పియానోని చర్చికి తెప్పించి బెంగళూరు నుంచి ట్యూనర్ని పిలిపించి సరిగ్గా 440కి పెట్టిద్దామని కుర్రాళ్ళు అంటున్నారు, గిటార్లు, కీబోర్డు కూడా కలవాలి కాబట్టి.

మృదంగం_కడప:
క్యాసెట్ నా దగ్గర లేదు, మా క్లాస్‌మేట్ ఒకడు టేప్ రికార్డర్ తెచ్చేవాడు, వాణ్ణి అడిగి చూస్తా. నేను మాత్రం మృదంగం తీసుకుని వస్తా, ఖండచాపుకి ఎవరైనా తోడు దొరికితే.

రీడ్లు_శ్రుతి:
తమ్ముడూ, 440 మాట ఎత్తొద్దు. రెండు వందల పైచిలుకు తీగలు, అన్నీ కలిపి టన్నుల లెక్కన లాగుతుంటాయి, అన్నేళ్ళు కింద కూచున్నదాన్ని ఒక్కరోజులో అర స్వరం లేపితే తెగినవి తెగినట్టే. ట్యూనర్ వస్తే 415 దగ్గరే సరిచేయమను. గిటార్లు అర స్వరం దించుకోమను, కీబోర్డు వాయించే అబ్బాయిని ట్రాన్స్‌పోజ్ మైనస్ ఒకటికి పెట్టుకోమను. ట్రంపెట్టో క్లారినెట్టో తెచ్చేవాడుంటే ముందే చెప్పండి, అక్కడికి వచ్చాక తిట్టుకుంటాడు.