పిల్లలకు వయొలిన్, వయోలా నేర్పడానికి మాస్టర్స్ చేయాలా? సలహా కావాలి

అన్నానగర్ ఫిడేలు

అందరికీ నమస్కారం. మాది ఒంగోలు. పదేళ్లుగా చెన్నైలో ఉంటున్నాను, ఇప్పుడు నాకు 29. చిన్నప్పుడు ఊళ్లో మాస్టారి దగ్గర కింద కూర్చుని వర్ణాల దాకా నేర్చుకున్నాను. ఇక్కడికి వచ్చాక వెస్టర్న్ మొదలుపెట్టి లండన్ ట్రినిటీ కాలేజీ వాళ్ల సంగీత పరీక్షల్లో చివరిదైన గ్రేడ్ 8 పాసయ్యాను. డిగ్రీ బీకామ్. నాలుగేళ్ల నుంచి ఇంట్లోనే పిల్లలకు వెస్టర్న్ వయొలిన్ చెబుతున్నాను. ఐదు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలు పదహారు మంది ఉన్నారు.

పోయిన నెల ఒక బాబు వాళ్లమ్మ ఇంట్లో తీసిన వీడియో చూపించింది. వాడికి ఎనిమిదేళ్లు, రెండేళ్లుగా నా దగ్గరే నేర్చుకుంటున్నాడు. వీడియోలో ఎడమ భుజం చెవి దాకా లేచి ఉంది. బో (కమాను) పట్టుకున్న బొటనవేలు కర్రలా బిగుసుకుపోయింది. "వాయించాక మెడ నొప్పి అంటున్నాడు మేడం" అంది. రెండేళ్లుగా నేను "భుజం దించు నాన్నా" అంటూనే ఉన్నాను. వాడు దించుతాడు, రెండు బార్లు (నాలుగు క్షణాల సంగీతం) అయ్యేసరికి మళ్లీ లేస్తుంది. ఎందుకు లేస్తోందో నాకు తెలియదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నాకు వాయించడం నేర్పారు కానీ, నేర్పించడం ఎవరూ నేర్పలేదు.

ఇంకో పాప వయోలా (వయొలిన్ కంటే కాస్త పెద్దది, కింది స్థాయిలో పలికేది) కావాలంది. తన త్రీ ఫోర్త్ (పెద్దవాళ్ల సైజు కంటే ఒక మెట్టు చిన్నది) వయొలిన్‌కే వయోలా తీగలు వేయించాను. కింది సి తీగ గొంతు పట్టేసినట్టు పలుకుతోంది.

అమెరికాలో స్ట్రింగ్ పెడగాజీలో, అంటే తీగ వాయిద్యాలు నేర్పించే పద్ధతుల్లో, రెండేళ్ల మాస్టర్స్ ఉందని విన్నాను. వెళ్లాలంటే అప్పు చేయాలి. "ఉన్న పిల్లల్ని వదిలేసి ఎందుకమ్మా" అంటున్నారు నాన్న. చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

బెంగళూరు మాస్టారు

మా అమ్మాయి వయసు నీది కాబట్టి నువ్వు అంటున్నాను. మాస్టర్స్ సంగతి తర్వాత, ముందు ఆ బాబు భుజం చూద్దాం.

నువ్వు కింద కూర్చుని నేర్చుకున్నావు. మన పద్ధతిలో ఫిడేలు తల కుడి చీలమండ మీద ఆనుతుంది, రెండో కొస ఛాతీ దగ్గర నిలుస్తుంది. బరువు మోసే పని కాలిది. అందుకే ఎడమ చెయ్యి గమకాల కోసం తీగ మీద హాయిగా జారుతుంది. నువ్వు నిలబడి వాయించడం మొదలుపెట్టేనాటికి పెద్దదానివి, చేతులు స్థిరపడ్డాయి. "ఇది కింద పడిపోతుందేమో" అన్న భయం నీ ఒంటికి ఎప్పుడూ తెలియలేదు. ఆ బాబుకు రోజూ ఉన్నది ఆ భయమే. దవడకూ భుజానికీ మధ్య ఖాళీ ఉంటే దాన్ని పూడ్చడానికి భుజం లేస్తుంది. "దించు" అంటే దించుతాడు, ఫిడేలు జారుతుంది, మళ్లీ లేపుతాడు. వాడి తప్పేమీ లేదు.

మొదట సైజు చూడు. ఎడమ చెయ్యి పక్కకు చాపించు. ఫిడేలు తల అరచేతిలోకి వచ్చి, వేళ్లు దాని చుట్టూ తేలిగ్గా ముడుచుకోవాలి, మోచెయ్యి కాస్త వంగి ఉండాలి. చెయ్యి సాగదీయాల్సి వస్తే ఆ వాయిద్యం వాడికి పెద్దది. "ఎలాగూ పెరుగుతాడు కదా" అని చెప్పుల్లాగా పెద్దది కొనే తల్లిదండ్రులను ముప్ఫై ఏళ్లుగా చూస్తున్నాను. తర్వాత చిన్‌రెస్ట్ (దవడ ఆనించే చెక్క) ఎత్తు, కింద స్పాంజి మందం సరిచూడు.

పాల్ రోలాండ్ అని హంగరీలో పుట్టిన వయోలా విద్వాంసుడు 1960ల చివర్లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఇదే పని మీద పెద్ద ప్రాజెక్టు నడిపాడు. ఆయన పిల్లల్ని బొమ్మల్లా నిలబెట్టి సరిచేయలేదు, కదలిక నుంచి మొదలుపెట్టాడు. ఫిడేలును పిల్లల తలకంటే పైకి ఎత్తించి, అక్కణ్నుంచి మెల్లగా భుజం మీదికి దింపించేవాడు. అలా దిగినప్పుడు భుజం తనంతట తానే వదులుగా ఉంటుంది. వారం రోజులు ప్రతి క్లాసూ దీంతో మొదలుపెట్టి చూడు.

ఆ పాప వయొలిన్ త్రీ ఫోర్త్ అంటున్నావు కాబట్టి 13 అంగుళాల వయోలా సరిపోతుంది. నిజంగా వయోలాగా చేసినదే కొనాలి. వయొలిన్ డొల్ల భాగం లోతు తక్కువ, అందులో సి తీగ నోరు తెరవలేదు. బో కూడా ఇంకాస్త బరువుగా, నెమ్మదిగా నడవాలి. వయోలా స్వరాలు రాసే ఆల్టో క్లెఫ్ గుర్తును మొదటి రోజు నుంచే చదివించు. మధ్య గీతే మిడిల్ సి (పియానో మధ్యలో ఉండే సి స్వరం) అని ఒకసారి పట్టుబడితే పిల్లలు మనకంటే త్వరగా చదువుతారు.

మైలాపూర్ నుంచి

నేను ఆ కోర్సు చేసి వచ్చానండి. పేరు పెడగాజీయే అయినా సీటు ఇచ్చేది మీ వాయింపు చూసి. ఆడిషన్‌కు మామూలుగా బాఖ్ అనే జర్మన్ స్వరకర్త ఒంటరి వయొలిన్‌కు రాసిన సోలోల్లో ఒక భాగం, ఒక కాన్సెర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే రచన) భాగం అడుగుతారు. చాలాచోట్ల సంగీతంలో డిగ్రీ కూడా చూస్తారు, బీకామ్‌తో ఆ విషయం ముందే రాసి కనుక్కోండి.

అక్కడ నాకు పనికొచ్చింది ఒకటే. వారం వారం ఒక పాపకు పాఠం చెప్పేదాన్ని, ప్రొఫెసర్ మూల కూర్చుని రాసుకునేవారు, తర్వాత వీడియో పెట్టుకుని ఇద్దరం చూసేవాళ్లం. మొదటి వీడియోలో అరగంట పాఠంలో పాప వాయించిన దానికంటే నేను మాట్లాడిందే ఎక్కువ. నాకు ఏడుపొచ్చింది. రెండో సెమిస్టర్‌కు ఒక పాఠంలో ఒకే విషయం సరిచేయడం అలవాటైంది.

జపాన్ వయొలిన్ గురువు సుజుకి గారి పద్ధతి కూడా అక్కడే చదివాను. పిల్లలు మాతృభాష నేర్చినట్టే సంగీతమూ నేర్వగలరని సుజుకి గారి నమ్మకం. అందుకే రోజూ వినాలి, తల్లో తండ్రో క్లాసులో కూర్చోవాలి. ఆ బాబు వాళ్లమ్మ వీడియో తీసి మరీ తెచ్చిందంటే, ఆమెను రేపటి నుంచే క్లాసులో కూర్చోబెట్టండి.

కాలేజీ ఎంచుకునేటప్పుడు ర్యాంకు చూడకండి. వాళ్ల దగ్గర పిల్లల స్కూలు ఉందా, మీరు ఎన్ని సెమిస్టర్లు పిల్లలకు చెబుతారు, ఎవరు చూస్తారు అని అడగండి. ఇండియానా విశ్వవిద్యాలయంలో పిల్లల స్ట్రింగ్ అకాడమీ ఉంది. 1976లో అక్కడ చేరిన మిమీ జ్వైగ్ గారు దాన్ని దశాబ్దాలపాటు నడిపారు. వెతికేటప్పుడు అలాంటి ఏర్పాటు ఉన్నచోటే వెతకండి.

అన్నానగర్ ఫిడేలు

మాస్టారూ, బాబుది వాళ్ల అన్నయ్య వాడిన త్రీ ఫోర్త్. మీరు చెప్పినట్టు కొలిస్తే వేళ్లు తల చుట్టూ రాలేదు. పిల్లల కోసం ఇంట్లో ఉంచిన హాఫ్ సైజు ఇచ్చి, కింద స్పాంజి పెట్టి, పైనుంచి దింపించాను. మూడో రోజు భుజం లేవకుండా ఒక పాట మొత్తం వాయించాడు. "మేడం, ఇది తేలిగ్గా ఉంది" అన్నాడు. రెండేళ్లు వాణ్ని ఎందుకు కష్టపెట్టానా అని చాలా బాధగా ఉంది.

మైలాపూర్ అక్కా, వాళ్లమ్మ ఇప్పుడు క్లాసులోనే కూర్చుంటోంది. అప్లికేషన్లు వచ్చే ఏడాదికి పెట్టుకుంటాను, ఈలోగా బాఖ్ మీద కూర్చుంటాను. నెలకు ఒక్కసారి మా ఇంటికి వచ్చి ఒక మూల కూర్చుని నా పాఠం చూస్తారా? ఫీజు ఎంతైనా ఇస్తాను. మాస్టారూ, మీ క్లాసు చూడటానికి రావచ్చా? మీరు సరేనంటే వచ్చే శనివారం బృందావన్ ఎక్స్‌ప్రెస్‌కు టికెట్ తీసుకుంటాను.

బెంగళూరు మాస్టారు

రా అమ్మా. ఆ రోజు చిన్నపిల్లల గ్రూపు క్లాసు ఉంది. నీ ఫిడేలు కూడా తెచ్చుకో.