రక్తంలో ప్రోటీన్లు చూసి అన్నవాహిక క్యాన్సర్ ముందే కనిపెట్టొచ్చా?

గానుగింటోడు (బంగారుపాళ్యం):

అందరికీ నమస్కారం. మాది బంగారుపాళ్యం పక్కన పల్లె. చెరకు, కొంచెం మామిడి. 2021లో మా చిన్నాయన అన్నవాహిక క్యాన్సర్‌తో పోయినాడు. గొంతులో అడ్డం పడతా ఉందని నాలుగు నెలలు చెప్పినా, గ్యాస్ అనుకుని మాత్రలు మింగిస్తా వచ్చినాం. వేలూరికి తీసుకుపోయేసరికి నీళ్లు దిగేది కూడా కష్టమైపోయింది. ఆ నాలుగు నెలలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్రపట్టదు.

మా నాయనకు ఇప్పుడు 61. చిన్నాయన మాదిరే వక్కాకు, పొగాకు, ముప్పై ఏళ్లుగా. గానుగ ఆడే రోజుల్లో బెల్లం పొయ్యి దగ్గర కూర్చుని సలసల కాగే టీ ఊదుకోకుండా తాగేస్తాడు. మొన్న ఒక ల్యాబ్ వాళ్లు ఊళ్లో క్యాంపు పెట్టి, రక్తంతోనే క్యాన్సర్ ముందుగా తెలిసిపోతుందని కాగితాలు పంచినారు. 3,500 రూపాయల ప్యాకేజీ. సీఈఏ, సీఏ 19-9, ఇంకేవో. నాయనకు చేయించినాం. అన్నీ నార్మల్. అమ్మ కాణిపాకం పోయి కొబ్బరికాయ కొట్టొచ్చింది. నాయన ఆ రిపోర్టు మడిచి చొక్కా జేబులో పెట్టుకుని కనిపించినోళ్లకంతా చూపిస్తున్నాడు.

నాకు మాత్రం మనసు కుదుటపడలేదు. ఒక నెల నుంచి ఆయన సంగటి తినే తీరు మారింది. ముందైతే పెద్ద ముద్ద పులుసులో అద్ది నమలకుండా మింగేవాడు. సంగటి నమిలేవాళ్లను చూసి నవ్వేవాడు. ఇప్పుడు గోలీకాయంత చేసుకుంటాడు, ముద్దముద్దకూ చెంబెత్తి నీళ్లు తాగుతాడు. అడిగితే గట్టిగా కెలికినావని అమ్మ మీద విసుక్కుంటాడు.

ఆ నార్మల్ రిపోర్టును నమ్మొచ్చా? దీనికే పనికొచ్చే వేరే ప్రోటీన్ టెస్టు ఉందా? ఇంగ్లండులో దారం కట్టిన స్పాంజ్ మింగించి చూస్తారంట, అది మనకు దొరుకుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి, ఎంత దూరమైనా తీసుకుపోతా.

పుత్తూరు మురళి:

అన్నా, రిపోర్టు నార్మల్ వచ్చింది గదా, ఎందుకు భయపడతావు. వయసుకు గొంతు ఎండిపోతుంది. మా మామకు ఇట్లే ఉంటే పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకుంటే నెలలో తగ్గింది. చూడండి.

సీరం ట్యూబు (తిరుపతి, కొర్లగుంట):

మురళీ, నువ్వు మంచి మనసుతోనే చెప్పినావు, కానీ ఆ మాట వినొద్దని బాబుకు గట్టిగా చెప్తున్నా. గ్యాస్ మాత్ర మంటను అణుస్తుంది. కింద ఉన్నదేందో అట్లే ఉండిపోతుంది, మనిషి మాత్రం బాగైంది అనుకుంటాడు. వాళ్ల చిన్నాయనకు జరిగింది అదే.

బాబూ, నేను ఒక ఆసుపత్రి బయోకెమిస్ట్రీ ల్యాబ్‌లో 29 ఏళ్లు పనిచేసి రిటైరైనాను. డాక్టర్‌ను కాను. కానీ రక్తంలో క్యాన్సర్ ఆనవాలు ప్రోటీన్లను కొలిచే ఈ మార్కర్ టెస్టులు వేల సంఖ్యలో చేసిన చేతులు నావి. అవి ఏం చెప్పగలవో, ఎక్కడ చేతులెత్తేస్తాయో నాకు తెలుసు.

ముందు, మీ నాయనను ఈ వారంలోనే ఎండోస్కోపీకి, అంటే గొంతులోంచి కెమెరా పైపు దించి లోపల చూసే పరీక్షకు తీసుకుపో. గోలీకాయంత ముద్ద, ముద్దకో గుక్క నీళ్లు అని రాసినావే, అంతకంటే గట్టి ఆనవాలు ఆ ప్యాకేజీలో ఏ ప్రోటీనూ ఇవ్వదు. అన్నవాహిక సాగే గొట్టం. లోపల గడ్డ పెరుగుతున్నా సాగి సర్దుకుంటా పోతుంది. గట్టి తిండి ఆగుతోందంటే దారి బాగానే ఇరుకైనట్టు. క్యాన్సరే కానక్కర్లేదు. యాసిడ్ పుండు మానిన చోట బిగుసుకున్నా, కింది కవాటం సరిగా తెరుచుకోకపోయినా ఇట్లే ఉంటుంది. ఏదైనా చూసి తేల్చుకోవాల్సిందే.

ఇక ప్యాకేజీ సంగతి. సీఈఏ ఎక్కువగా పెద్దపేగు క్యాన్సర్‌కు, సీఏ 19-9 ప్యాంక్రియాస్‌కు వాడతాం. మన దగ్గర అన్నవాహికలో ఎక్కువగా వచ్చేది స్క్వామస్ రకం, అంటే గొట్టం లోపలి పొరలో ఉండే చదును కణాల్లో పుట్టే క్యాన్సర్. వక్కాకు, పొగాకు, సారాయి దాన్ని తెచ్చిపెడతాయి. 65 డిగ్రీలు దాటిన వేడి తాగుడు కూడా అన్నవాహికకు ముప్పు తెచ్చే అవకాశం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2016లోనే చెప్పింది. టీ చల్లార్చుకుని తాగమను. ఆ స్క్వామస్ రకానికి కాస్త దగ్గరగా ఉండే ప్రోటీన్లు ఎస్‌సీసీ యాంటిజెన్, సైఫ్రా 21-1. సైఫ్రా అంటే కణానికి వాసాల మాదిరి నిలబడే కెరటిన్ ప్రోటీన్‌లో ఒక తునక. కణం చచ్చి పగిలితే రక్తంలోకి వస్తుంది. గడ్డ కందిగింజంత ఉన్నప్పుడు పగిలే కణాలెన్ని? ఐదు లీటర్ల రక్తంలో ఆ కాస్త కలిసిపోతే మెషీన్‌కు అందదు. ముదిరినాక అంకె పెరుగుతుంది, కానీ అప్పటికి మనిషికే తెలిసిపోయి ఉంటుంది. అందుకే వీటిని జబ్బు ఖాయమైనాక, మందు పనిచేస్తోందా, మళ్లీ వస్తోందా అని చూసేదానికి వాడతారు.

ఎక్కువ వచ్చినా నమ్మేదానికి లేదు. ఒకసారి వరుసగా మూడు శాంపిళ్లలో ఎస్‌సీసీ బాగా ఎక్కువ చూపించింది. ముగ్గురికీ జబ్బు ఆనవాలు లేదు. ఏందా అని చూస్తే, కొత్తగా చేరిన పిల్ల మూత తీసిన ట్యూబుల మీదికి వంగి మాట్లాడతా ఉంది. ఎస్‌సీసీ మన ఎంగిల్లో, చెమటలో, చర్మం పొట్టులో కూడా ఉంటుంది. తుంపర పడినా చాలు. మాస్కు కట్టించి, మళ్లీ రక్తం తెప్పించి చేస్తే మూడూ నార్మల్. మధ్యలో ఆ రెండు రోజులు ఆ మూడిళ్లలో పొయ్యి వెలిగిందో లేదో. సోరియాసిస్ ఉన్నా, కిడ్నీలు దెబ్బతిన్నా కూడా అది పెరుగుతుంది.

ఊరంతటికీ చేస్తే ఏమౌతుందో లెక్క చూడు. వెయ్యిమందిలో ఒక్కరికే జబ్బు ఉందనుకో. జబ్బు లేనివాళ్లలో నూటికి 95 మందిని సరిగ్గా లేదని చెప్పే టెస్టైనా, దగ్గర దగ్గర 50 మందికి ఉత్తపుణ్యానికి 'ఉంది' అంటుంది. క్యాంపుల వాళ్లు ఈ లెక్క చెప్పరు.

నువ్వడిగిన స్పాంజ్ నాకు చాలా ఇష్టమైన విషయం. కేంబ్రిడ్జ్‌లో రెబెకా ఫిట్జ్‌జెరాల్డ్ బృందం తయారుచేసింది. దారం కట్టిన మాత్ర మింగిస్తారు. కడుపులో పైపొర కరిగి స్పాంజ్ విచ్చుకుంటుంది. దారం పట్టి లాగితే గొట్టం పొడుగునా కణాలను గీరుకుని వస్తుంది. ఆ కణాల్లో టీఎఫ్ఎఫ్3 అనే ప్రోటీన్ ఉందేమో రంగు వేసి చూస్తారు. 2020లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన వాళ్ల పరీక్షలో 13,000 మందికి పైగా ఉన్నారు. మామూలు పద్ధతి కంటే పది రెట్లు ఎక్కువమందిలో బ్యారెట్స్ అనే, క్యాన్సర్‌కు ముందు దశ బయటపడింది. రక్తంలో దేవులాడకుండా జబ్బు పుట్టే చోటికే పోయి ప్రోటీన్‌ను వెతకడం సరైన దారి అని నా నమ్మకం. కానీ బ్యారెట్స్ యాసిడ్ వల్ల వచ్చేది, దాని నుంచి పుట్టేది అడినో రకం, అంటే గ్రంథి కణాల క్యాన్సర్. టీఎఫ్ఎఫ్3 పట్టిచ్చేది పేగు మాదిరి మారిన కణాలను. వక్కాకు వల్ల వచ్చే స్క్వామస్‌కు ఆ ప్రోటీన్ జవాబు కాదు. పైగా తిండి అడ్డం పడేవాళ్లకు స్పాంజ్ మింగించరు, నేరుగా ఎండోస్కోపీయే. జపాన్‌లో పీ53 ప్రోటీన్ మీద ఒళ్లు తయారుచేసుకునే యాంటీబాడీలు చూసే రక్తపరీక్ష వాడతారు. అది కొందరిని తొందరగానే పట్టిస్తుంది గానీ చాలామందిని వదిలేస్తుంది.

డాక్టర్‌కు వక్కాకు సంగతి, చిన్నాయన సంగతి దాచకుండా చెప్పు. అయోడిన్ చల్లి చూడాల్సి ఉంటుందా అని అడుగు. మంచి కణాల్లో గ్లైకోజెన్ అనే పిండిపదార్థం ఉంటుంది కాబట్టి అయోడిన్ తగిలితే గోధుమరంగుకు తిరుగుతాయి. చెడినచోట రంగు పట్టదు. మామూలు కంటికి కనబడని మచ్చ అప్పుడు బయటపడుతుంది.

మదనపల్లె కోడలు:

అన్నా, మా అత్తకు పోయినేడు ఎండోస్కోపీ చేసినారు. గొంతులో చేదు మందు కొట్టి మొద్దుబారినాక పైపు దించినారు. పది నిమిషాలు కూడా పట్టలేదు. కష్టమంతా ఆమెను ఒప్పించేదానికే. క్యాన్సర్ మాట ఎత్తలేదు, 'సంగటి తృప్తిగా తినాలా వద్దా' అని అడిగినాం, అంతే. తిరుపతిలో స్విమ్స్ పెద్దాసుపత్రి ఉంది, అలిపిరి దారిలో 2022లో తెరిచిన టాటా ట్రస్ట్స్ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. మీకు వేలూరు దగ్గరే గదా. ఏదో ఒకదానికి పొద్దున్నే బయల్దేరండి, పరగడుపున.

గానుగింటోడు:

సీరం ట్యూబు అమ్మా, మీరు రాసింది నాయనకు చదివి వినిపించినా. ట్యూబుల మీద తుంపర పడిన కథ విని జేబులో రిపోర్టు తీసి చాలాసేపు చూసినాడు. మరుసటి రోజే బయల్దేరినాం. లోపల ఒకచోట ఇరుకుగా ఉంది. దానికి పైన ఇంకో చిన్న మచ్చకు అయోడిన్ రంగు పట్టలేదంట. రెండు చోట్లా ముక్కలు తీసినారు. గురువారం రిపోర్టు. ఇంట్లో అమ్మ సంగటి మానేసి అంబలి కాస్తా ఉంది. చిన్నాయన కొడుకు కూడా వక్కాకు వేస్తాడు, వాణ్ని కూడా చూపిస్తా.

ఒకటి అడగాల. స్క్వామస్ అని వస్తే, అప్పుడు ఆ ఎస్‌సీసీ చేయించొచ్చా?

సీరం ట్యూబు:

డాక్టర్‌ను అడుగు. ఆయన చేయించమంటే మందు మొదలుపెట్టకముందే రక్తం ఇవ్వాల. తర్వాత వచ్చే ప్రతి అంకెనూ దానితోనే పోల్చి చూస్తారు. ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో చేయించు, మెషీన్ మారితే అంకె మారుతుంది. గురువారం ఏమొచ్చిందీ రాయి నాయనా, ఎదురుచూస్తా ఉంటా.