వేరే క్లబ్బుకి వెళ్లి ప్రాక్టీస్ చేయాలంటే ఎలా అడగాలి?

నేను షోటోకాన్ కరాటే చేస్తున్నాను, ప్రస్తుతం బ్రౌన్ బెల్ట్. మా కుమితేలో (ఇద్దరు ఎదురెదురుగా తలపడే ప్రాక్టీస్‌లో) దెబ్బని అదుపులో ఉంచాలి, పాయింట్ రాగానే విడిపోవాలి. క్యోకుషిన్ అనే ఇంకో కరాటే శైలిలో అలా కాదు. చేత్తో మొహం మీద గుద్దకూడదు గానీ, ఒంటి మీద పూర్తి బలంతో కొడతారు, తలకి కిక్ కూడా వేస్తారు. అంత ఒత్తిడిలో నా స్టాన్స్ ఏమాత్రం నిలుస్తుందో చూడాలని ఉంది. జూడో క్లబ్బులో రాండోరి (ఒకరినొకరు పట్టుకుని స్వేచ్ఛగా తలపడే ప్రాక్టీస్) కూడా చేయాలనుంది, ఎందుకంటే ఎవరైనా కాలర్ పట్టుకుంటే నాకు ఏమీ తోచదు.

ఇలా వేరే క్లబ్బులకి వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా? మా సెన్సైకి (గురువుకి) ముందే చెప్పడం మర్యాద అని నా ఉద్దేశం, కానీ ఆయన నొచ్చుకోకుండా ఎలా చెప్పాలి? అక్కడికి నా బెల్ట్ కట్టుకెళ్లాలా, తెల్ల బెల్టా? (బ్రౌన్ చూసి మొదటి రోజే గట్టిగా కొడతారేమోనని కొంచెం టెన్షన్.) కరాటే డ్రెస్ పల్చన, జూడో పట్లకి చిరిగిపోతుంది. కొత్తగా వచ్చినవాళ్లకి క్లబ్బువాళ్లే మందపాటి జాకెట్ ఇస్తారా? పడటం రాకుండా రాండోరికి దిగొచ్చా, లేక ముందు కొన్ని క్లాసులు ఉకెమి (దెబ్బ తగలకుండా పడటం) ఒక్కటే నేర్చుకోవాలా?