పాండిచ్చేరియా, యానామా?

బరంపురం చిన్నోడు: దసరాకి ఐదు రోజులు సెలవు దొరికింది. నేను, మా ఆవిడ, అమ్మ, పదకొండేళ్ల పాప. సోషల్ పాఠంలో ఫ్రెంచివాళ్ల గురించి చదివిన దగ్గర్నుంచి వాళ్ల ఊరు చూడాలి, సముద్రం కూడా ఉండాలి అని పాప ఒకటే పట్టు. పాండిచ్చేరి వెళ్లమంటారా, దగ్గర్లో ఉంది కదా అని యానాం వెళ్లమంటారా? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

గుణుపురం అక్క: ఇందులో ఆలోచించేదేముంది తమ్ముడూ, పాండిచ్చేరి వెళ్లు. భువనేశ్వర్ నుంచి వారానికోసారి అక్కడికి వెళ్లే రైలు మీ ఊరి మీదుగానే పోతుంది, అమ్మగారికి బండి మారే బాధ ఉండదు. సాయంత్రం అయ్యేసరికి బీచ్ రోడ్డులో బళ్లు ఆపేస్తారు, ఇంక రోడ్డంతా నడిచేవాళ్లదే. మా అత్తగారికి మోకాళ్ల నొప్పి. గాంధీ విగ్రహం దగ్గర కూర్చోబెడితే రాత్రి తొమ్మిదిన్నర దాకా లేవనంది. పొద్దున్నే లేచి వీధులు తిరగండి. పసుపు గోడలు, వాటి మీంచి రోడ్డు మీదికి వాలిన కాగితప్పూలు, మలుపుల్లో నీలం పలక మీద ఫ్రెంచిలోనూ తమిళంలోనూ వీధి పేరు. 1674లో వచ్చి పాతుకున్నారు వాళ్లు. 1761లో ఇంగ్లీషువాళ్లు ఊరిని నేలమట్టం చేస్తే, తిరిగి చేతికొచ్చాక మళ్లీ కట్టుకున్నారు.

పర్లాకిమిడి మాస్టారు: యానాం వెళ్లు బాబూ. సామర్లకోటలో దిగి కాకినాడ చేరితే అక్కణ్నుంచి బస్సులో గంట. అక్కడికి ఫ్రెంచివాళ్లు 1723లో వచ్చారు. అన్నిటికన్నా ముఖ్యం, అది తెలుగు ఊరు. పాండిచ్చేరిలో నాకేం జరిగిందో విను. ఫోన్లో సముద్రం కనిపించే గది అని చెప్పి రెండు రాత్రుల డబ్బు ముందే తీసుకున్నారు. వెళ్లి కిటికీ తీస్తే ఎదురుగా పక్కింటి నీళ్ల ట్యాంకు. గొడవ పెడదామంటే నాకు తమిళం రాదు, అతనికి తెలుగు రాదు. ఒక్క రూపాయి వెనక్కి రాలేదు. ఆ రాత్రి మా ఆవిడ అన్నం తినకుండా పడుకుంది.

గుణుపురం అక్క: లాడ్జివాడు మోసం చేస్తే ఊరేం చేస్తుంది మాస్టారూ? పాప సముద్రం అడిగింది. యానాం సముద్రం ఒడ్డున లేదు.

పర్లాకిమిడి మాస్టారు: గౌతమీ గోదావరి నుంచి కోరింగ పాయ విడిపోయే చోట ఉంది. సముద్రం దగ్గరే.

గుణుపురం అక్క: దగ్గరుంటే ఒడ్డున ఉన్నట్టా?

రాయగడ కుర్రాడు: పాండిచ్చేరిలో మాత్రం ఇసుకెక్కడుంది అక్కా? 1989లో హార్బర్ కట్టాక ఇసుక కొట్టుకుపోయింది, ఊరు మిగలాలని ఒడ్డంతా బండరాళ్లు పోశారు. పాపని నీళ్లలోకి దింపలేరు.

గుణుపురం అక్క: సెక్రటేరియట్ ఎదురుగా నీళ్లలో అడ్డుకట్ట వేశాక కొంత ఇసుక మళ్లీ చేరింది. పాతమాట చెప్పకు.

గోపాలపూర్ బాబాయి: ఇసుకే కావాలంటే మా ఊరు రండి, బరంపురం నుంచి ఎంతసేపు.

కాశీనగర్ కొత్త సభ్యుడు: 1947లో ఫ్రెంచివాళ్లు కూడా వెళ్లిపోయారు కదా?

పర్లాకిమిడి మాస్టారు: లేదు. యానాం 1954 జూన్ 13న విడిపోయింది. పాండిచ్చేరి అదే ఏడాది నవంబర్ 1న మన చేతికొచ్చింది, చట్టప్రకారం కలిసింది 1962 ఆగస్టు 16న. ఫ్రెంచివాళ్ల చట్టం వేరు కాబట్టే, 1929లో బాల్యవివాహాలు ఆపే శారదా చట్టం వచ్చినప్పుడు చుట్టుపక్కలవాళ్లు యానాం వెళ్లి పెళ్లిళ్లు చేసేవాళ్లు. కల్యాణపురం అని పేరే పడింది.

గుణుపురం అక్క: పసిపిల్లల పెళ్లిళ్లు! ఆడపిల్లకి ఇదా మీరు చూపించమంటున్న చరిత్ర?

పర్లాకిమిడి మాస్టారు: మంచీ చెడూ రెండూ చెప్పాలనే చెప్పాను. నీకు పసుపు గోడలు చాలమ్మా. ఫోటోలు దిగి వచ్చేస్తారు. యానాం చుట్టూ ఆంధ్రా ఉన్నా ఆంధ్రాలో లేదు, ఒడిశాలో ఉన్న మనలాగే. ఎనిమిది వందల కిలోమీటర్ల అవతల ఉన్న పాండిచ్చేరి అసెంబ్లీకి ఎమ్మెల్యేని పంపుతుంది. అయినా అక్కడ బడిలో తెలుగు ఉంది. నేను పాతికేళ్లు తెలుగు చెప్పిన బడిలో ఆఖరి ఏడాది ముగ్గురు పిల్లలు. నేను రిటైరైన మర్నాడు ఆ గదికి తాళం. ఇలాంటివి మీకెవరికీ పట్టవు.

గుణుపురం అక్క: పట్టదని మీరెలా అంటారు? నేను గుణుపురంలో పుట్టి ఒడియాలో చదువుకున్నాను, ఇంట్లో మాత్రం తెలుగే. విజయనగరం నుంచి పెళ్లిచూపులకొచ్చినవాళ్లు నా మాట విని, ఒరియా పిల్లలా ఉందే అని కాఫీ కూడా తాగకుండా లేచిపోయారు. అప్పట్నుంచి తెలుగు ఊళ్లో నోరు విప్పాలంటే నాకు టెన్షన్. పాండిచ్చేరిలో నాలుగు రోజులున్నాను, నీ భాషేంటని ఒక్కరూ అడగలేదు. ఆ బీచ్ రోడ్డు నాకు అందుకే ఇష్టం. గోడల కోసం కాదు.

రాయగడ కుర్రాడు: అక్కా, మా చెల్లికీ అచ్చం ఇలాగే అయింది.

పర్లాకిమిడి మాస్టారు: అమ్మా, ఈ సంగతి తెలిస్తే ఆ మాట అనేవాణ్ని కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశాని విడదీసి గీత గీస్తే మా తాతగారి ఇల్లు ఇటు, పొలం పాతపట్నం వైపు. అటు వెళితే ఒడిశావాళ్లమంటారు, ఇటు తెలుగువాళ్లమంటారు. రాష్ట్రం ఏదైనా తెలుగు ఊరు తెలుగు ఊరుగా బతకొచ్చని ఆ పిల్ల కళ్లారా చూడాలని నా తాపత్రయం. యానామే వెళ్లమంటాను, ఇప్పటికీ.

గుణుపురం అక్క: నేను పాండిచ్చేరే అంటాను. మన బరువు ఆ పిల్ల మీద ఎందుకండీ, ఐదు రోజులు ఆడుకోనివ్వండి.

బరంపురం చిన్నోడు: ఇద్దరివీ పాపకి చదివి వినిపించాను. తెలుగు అక్షరాలు వాళ్ల నాయనమ్మ పాత క్యాలెండర్ వెనకాల రాసిచ్చి నేర్పింది, ఇంకా ప, వ దగ్గర ఆగిపోతుంది. మాస్టారూ, యానాంలో కొట్ల మీద పేర్లు తెలుగులో ఉంటాయా అని అడగమంది. అక్కా, ఆ నీలం పలకలు చేతికి అందుతాయా అని మిమ్మల్ని అడగమంది.

పర్లాకిమిడి మాస్టారు: ఉంటాయి తల్లీ. బస్సు దిగిన దగ్గర్నుంచీ చదువుకుంటూ వెళ్లొచ్చు.

గుణుపురం అక్క: అందవు. వాళ్ల నాన్న ఎత్తుకోవాలి.