పది నిమిషాల్లో సరుకులు: మన ఇంటి తిండి బాగుపడిందా, పాడైందా?

చిక్కుడుతీగ (నిజాంపేట)

మొన్న ఆదివారం కూర్చుని యాప్‌లో మా ఇంటి మూడు నెలల ఆర్డర్లన్నీ చూశాను. మేం నలుగురం. మొత్తం 71 ఆర్డర్లు. కూరగాయలో ఆకుకూరలో ఉన్నవి 19. రాత్రి తొమ్మిది దాటాక పెట్టినవి 34. ఆ 34లో ఐస్‌క్రీం, చిప్స్, నూడుల్స్, కూల్‌డ్రింకు తప్ప ఇంకేమీ లేవనే చెప్పాలి. రెండుసార్లు పెరుగు ఉంది, అదీ తోడు పెట్టడానికి.

ఈ యాప్‌లు రాకముందు ఆ టైముకి మా వీధి కొట్టు షట్టర్ దించేసేవాళ్లు. ఆకలేస్తే మజ్జిగన్నం, లేదా ఓ అరటిపండు. అవీ లేకపోతే నీళ్లు తాగి పడుకునేవాళ్లం. ఇంట్లో లేనిది తినలేం కదా, ఆ అడ్డు ఇప్పుడు పోయింది. నిజం చెప్పాలంటే అది ఆకలి కూడా కాదు, బోర్ కొట్టడం. అందుకే ఈ పది నిమిషాల డెలివరీ వల్ల ఊళ్లో జనం తిండి పాడైందని నా వాదన. కాదనేవాళ్లు చెప్పండి.

నైట్‌డ్యూటీ

నేను కాదంటాను. ఆస్పత్రిలో నర్సుని, నెలలో సగం రోజులు రాత్రి డ్యూటీలే. యాప్ రాకముందు మా ఇంట్లో ఏదో సాత్వికాహారం వండుకు తిన్నామనుకుంటున్నారా? కుక్కర్‌లో అన్నం పడేసి కర్రీ పాయింట్ నుంచి రెండు కవర్లు తెచ్చుకునేవాళ్లం. ఒకటి పప్పు, ఒకటి నూనెలో తేలే వంకాయ. అలా ఏళ్లు గడిచాయి.

ఇప్పుడు పొద్దున డ్యూటీ దిగి బస్సెక్కాక బీరకాయలు, పాలకూర, గుడ్లు పెడతాను. నేను ఇంటికొచ్చేసరికి తలుపు దగ్గర ఉంటాయి. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు, మెట్లు దిగలేరు. ఆవిడ కూర్చుని తరిగిస్తారు. పదకొండింటికల్లా వంటైపోతుంది.

ఇంకోమాట, కోపగించుకోకండి. "రైతుబజారుకి వెళ్లి తెచ్చుకోవాలి" అనేవాళ్లలో ఆ సంచి మోసి, తెచ్చినవన్నీ ఏరి, కడిగి, ఆరబెట్టేవాళ్లు ఎంతమంది?

లెక్కలపంతులు

ఒక ఇంటి ఆర్డర్లు పట్టుకుని ఊరంతటికీ తీర్పు చెప్పలేం. కేంద్ర గణాంక శాఖ వాళ్ల 2023-24 గృహ వినియోగ వ్యయ సర్వే చూడండి. పట్టణాల్లో మనిషి నెల ఖర్చులో తిండి వాటా 40 శాతం లోపే. అందులో ఒక్క "పానీయాలు, ప్రాసెస్డ్ ఆహారం" పద్దే దాదాపు 11 శాతం. అంటే తిండికి పెట్టే రూపాయిలో పావలా పైనే. పాలు, కూరగాయలు, పండ్లు, ధాన్యం, ఏ పద్దూ దాన్ని దాటలేదు. చిక్కుడుతీగ గారి ఇల్లు వింత ఇల్లేం కాదు.

కొసరు

పంతులు గారూ, ఆ పద్దులో ఏమేం వేస్తారో కూడా చెప్పాలి కదా. బయట కొనుక్కున్న వండిన భోజనం అందులోదే. ఆఫీసు కింద తాగే టీ అందులోదే. పైన నర్సమ్మ గారి కర్రీ పాయింట్ కవర్లు కూడా అందులోకే వస్తాయి! పైగా 2011-12 సర్వేలోనే పట్టణాల్లో అది 9 శాతం దగ్గర్లో ఉంది. బిగ్‌బాస్కెట్ పుట్టిందే 2011లో. జెప్టో వచ్చింది, గ్రోఫర్స్ పేరు మార్చుకుని బ్లింకిట్ అయింది 2021లో. రోగం ముందు నుంచీ ఉంది, యాప్ తర్వాత వచ్చింది.

మాది కిరాణా కొట్టు, అది కూడా చెప్పేస్తాను. చిప్స్ ప్యాకెట్లు గుమ్మం ముందు దండల్లా వేలాడదీసింది యాప్ వాళ్లు కాదు, మేమే. చాక్లెట్ డబ్బాలు గల్లాపెట్టె పక్కన, పిల్లల కంటి ఎత్తుకి పెట్టిందీ మేమే.

లెక్కలపంతులు

వండిన భోజనం సంగతి ఒప్పుకుంటున్నాను, ముందే చెప్పాల్సింది. కానీ 9 నుంచి 11కి పెరిగింది కూడా నిజమే కదా. యాప్ వల్లే అని నేననలేదు. యాప్ వల్ల కాదని మీరూ అనలేరు.

పప్పుచారు (బెంగళూరు)

పంతులు గారూ, కొసరు గారూ, ఇద్దరూ "యాప్" అని ఆన్‌లైన్ అంతటినీ ఒకే గాటన కట్టేస్తున్నారు. దాంట్లో రెండు రకాలున్నాయి: ఆలస్యంగా వచ్చేది, వెంటనే వచ్చేది. 2010లో అచ్చయిన ఒక పరిశోధనలో ఉత్తర అమెరికాలోని ఒక ఆన్‌లైన్ సరుకుల కొట్టు ఆర్డర్లు పరిశీలించారు. సరుకు ఎన్ని రోజులు ఆలస్యంగా రావాలని జనం కోరుకుంటే, ఆ బుట్టలో కూరగాయల్లాంటివి అంత ఎక్కువ, ఐస్‌క్రీం లాంటివి అంత తక్కువ. మనిషి రేపటి తన కోసం పాలకూర కొంటాడు, ఈ పూట తన కోసం ఐస్‌క్రీం కొంటాడు.

2017లో బెల్జియం వాళ్లది ఇంకొకటి వచ్చింది. కొట్లోకి వెళ్లి కొన్నప్పటి కంటే ఆన్‌లైన్‌లో జనం చిరుతిళ్లు తక్కువ కొన్నారు. ఎదురుగా వస్తువు లేదు, బొమ్మే ఉంది. నోరు అంతగా ఊరదు. ఇది చదివి యాప్‌లు మంచివే అనేయకండి. అక్కడ ఆన్‌లైన్‌లో కొంటే సరుకు ఆలస్యంగా చేతికొచ్చేది. మన దగ్గర మొదట్లో బిగ్‌బాస్కెట్ కూడా అంతే, ముందురోజు స్లాట్ బుక్ చేసుకుని, లిస్టు రాసుకుని, ఇంట్లో అందరినీ ఏం కావాలో అడిగి కొనేవాళ్లం. పది నిమిషాలొచ్చాక ఆ వ్యవధే పోయింది. కాబట్టి పాడు చేసింది ఫోన్‌లో కొనడం కాదు, వెంటనే వచ్చేయడం. నేను అక్కడే గీత గీస్తాను.

చిక్కుడుతీగ (నిజాంపేట)

ఇది చదివి మళ్లీ నా ఆర్డర్లు తీశాను. కూరగాయలున్న 19లో 14 శనివారం సాయంత్రం పెట్టి, ఆదివారం పొద్దునకి రమ్మన్నవే. ఇది ముందు నాకు తట్టలేదు. పప్పుచారు గారి గీత దగ్గరికి నేనూ వచ్చేస్తున్నా.

నైట్‌డ్యూటీ

నేను రాను. నా పాలకూర కూడా పది నిమిషాల్లోనే వస్తోంది మరి! డ్యూటీ ఎప్పుడు అయిపోతుందో నాకే తెలియదు, ముందురోజు స్లాట్ ఏం పెట్టుకుంటాను? ఆత్రం మీ ఇంట్లో ఉంది, దాన్ని తెచ్చి నా పాలకూర మీద రుద్దకండి.

గంగవాయిలి

ఎంత కొంటున్నాం, ఎప్పుడు కొంటున్నాం అంటున్నారు గానీ ఏం కొంటున్నాం అని ఎవరూ అడగలేదు. ఎర్రగడ్డ రైతుబజారుకి నేను పాతికేళ్లుగా వెళ్తున్నాను (1999లో రైతుబజార్లు మొదలైనప్పటి నుంచీ అన్నమాట). అక్కడ ఆకుకూరల వరసలో తోటకూర, పాలకూర ఎలాగూ ఉంటాయి. గంగవాయిలి, పొన్నగంటి, చుక్కకూర, బచ్చలి, ఎండాకాలంలో చింతచిగురు, అన్నీ దొరుకుతాయి. "ఇది పప్పులో వెయ్యి బిడ్డా, అది పొడికూర చెయ్యి" అని అమ్మే ఆమే చెబుతుంది. కొసరుగా కరివేపాకు రెబ్బలు పడేస్తుంది. యాప్‌లో చూస్తే ఏడాది పొడుగునా అదే పాలకూర, అదే బెండకాయ, అదే క్యాప్సికం. వెతికితే మిగతావీ ఒక్కోసారి కనిపిస్తాయి, కాదనను. కానీ పేరు తెలిస్తేనే కదా వెతికేది? మా మనవరాలు గంగవాయిలి అంటే ఊరి పేరనుకుంది.

ఒకసారి గోంగూర తెప్పించాను. ఏ యాప్ అనేది వదిలేయండి. కట్ట లోపలంతా నీళ్లోడి నల్లబడి ఉంది. డబ్బులు మర్యాదగానే వెనక్కి వచ్చాయి, కానీ ఆ పూట పప్పు ఆగిపోయింది. చేత్తో పట్టి చూసి కొనుంటే ఆ కట్ట ఇంటికి వచ్చేదే కాదు.

నైట్‌డ్యూటీ

ఇది ఒప్పుకుంటాను అమ్మా. ఎంత కొంటున్నాం అన్నది కూడా తేలిక విషయం కాదు. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లకి రోజుకి 400 గ్రాముల కూరగాయలు కావాలి, అందులో ఆకుకూరలు 100. పండ్లు మరో 100 గ్రాములు. చిక్కుడుతీగ గారి నలుగురికీ లెక్కేస్తే రోజుకి కిలోన్నర పైమాటే. యాప్‌లో మనం చూసేది 250 గ్రాముల ప్యాకెట్లు. ఒక ప్యాకెట్ బెండకాయ నలుగురికి వేపుడు చేస్తే తలా రెండు ముద్దలకి నంజుకోవచ్చు. నేనూ అంతే తెప్పిస్తున్నానని ఇప్పుడు ఇది రాస్తుంటే తెలిసింది.

కొసరు

పావుకిలో యాప్‌లు కనిపెట్టింది కాదండీ. జీతం ఆలస్యమైన నెలలో తోపుడుబండి దగ్గర ఆగి "అన్నా, వంద గ్రాములు ఇస్తావా" అనేవాళ్లని నేను రోజూ చూస్తాను. యాప్ డెలివరీ ఛార్జి, ఈ ఛార్జి, ఆ ఛార్జి వేస్తే వాళ్లకి అందదు. ఈ చర్చలో వాళ్లు లేనే లేరు.

ఉచిత డెలివరీ కోసం బుట్ట నింపడం సంగతి మర్చిపోకండి. కొత్తిమీర కట్ట కోసం తెరుస్తారు. ఇంకా అరవై రూపాయలు కొంటే ఛార్జి లేదంటుంది. ఆ అరవైకి ఇంకో రెండు కట్టలు కొత్తిమీర ఎవరు కొంటారు? బిస్కెట్లే. మేం చిల్లరకి బదులు చాక్లెట్లు ఇచ్చేవాళ్లం, తిట్టుకునేవారు. ఇదీ అదే విద్య.

పప్పుచారు (బెంగళూరు)

ఆ బిస్కెట్లు కూడా "హెల్తీ" అన్న అరలోవి కొని గర్వపడతాం. ప్యాకెట్ మీద రాగి కంకి బొమ్మ ఉంటుంది. వెనక పదార్థాల జాబితాలో ఎక్కువ బరువున్నది ముందు రాయాలనేది నియమం. తిప్పి చూస్తే కొన్నింటి మీద మొదటి పేరు గోధుమ పిండో మైదానో, రాగులు ఎక్కడో కింద. కొట్లో అయితే చేత్తో తిప్పుతాం. యాప్‌లో ఆ ఫొటో నాలుగోదో ఐదోదో, అదీ మసకగా. 2024లో కేంద్రం ఆన్‌లైన్ అమ్మకందార్లని "హెల్త్ డ్రింక్స్" వర్గంలోంచి పానీయాలు తీసేయమంది, చట్టంలో అలాంటి వర్గమే లేదని. బిస్కెట్ల అర మాత్రం అలాగే ఉంది.

చిక్కుడుతీగ (నిజాంపేట)

వారం తర్వాత వచ్చి రాస్తున్నా. శని, బుధవారాలు ముందురోజే లిస్టు రాసి కూరగాయలు కిలోల లెక్కన పెడుతున్నాం. గంగవాయిలి గారూ, మీరు చెప్పిన పొన్నగంటి కూర కోసం కూకట్‌పల్లి రైతుబజారుకి స్వయంగా వెళ్లి, సంచి నేనే మోసి, కూర నేనే ఏరాను. అరకిలో ఏరడానికి గంట పట్టింది. నైట్‌డ్యూటీ గారి కోపం అప్పుడు అర్థమైంది.

రాత్రి తొమ్మిది తర్వాత ఆర్డర్లు ఉండకూడదని నా ఫోన్‌లోంచి యాప్ తీసేశా. శుక్రవారం తొమ్మిదిన్నరకి బెల్ మోగింది. మావాడు వాళ్లమ్మ ఫోన్‌లోంచి పెట్టాడు.

కొసరు

ఏం తెప్పించాడు?

చిక్కుడుతీగ (నిజాంపేట)

ఐస్‌క్రీం. నాలుగు. నా వాటా తినేశాను.