12 ఏళ్ళ బాబుకి స్నానం ఎవరు చేయించాలి?

మారతహళ్ళి_అమ్మ:
మావాడికి 12 ఏళ్ళు, డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతోనే ఉండే జన్యుపరమైన తేడా, ఏదైనా నేర్చుకోవడం నిదానం). స్నానం, బొత్తాలు, అన్నం కలపడం అన్నీ మా అత్తయ్య చేతిమీదుగానే. 7.20కి స్కూలు వ్యాను. అది తప్పితే బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో మేమే దింపాలి. ‘ఆలస్యమైతే అయింది, వాణ్ణే చేసుకోనీ’ అంటారు మా ఆయన. ‘నేనున్నన్నాళ్ళూ వాడికెందుకా కష్టం’ అంటారావిడ. మీ ఇళ్ళల్లో ఏం చేస్తున్నారు?

అనంతపురం_నాన్న:
మీ ఆయన మాటే నా మాట. ఆవిడ తర్వాత ఎవరు? ఇవాళో రేపో మీసాలొస్తాయి. ఎవరు ఒంటిమీద చెయ్యేసినా ఊరుకోవడం అలవాటైన పిల్లాడు, రేపెవరైనా తప్పుగా తాకితే ఎలా కాదంటాడు? ఒక నెల వ్యాను తప్పితే తప్పనీండి.

ఓటీ_అక్క:
నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని (ఓటీ), రోజువారీ పనులు సొంతంగా చేసుకోవడం నేర్పిస్తాను. వ్యాను తప్పించడానికి ఒప్పుకోను, హడావుడిలో ఏ పిల్లాడూ నేర్చుకోడు. డౌన్ సిండ్రోమ్‌లో కండరాల బిగువు తక్కువ, కీళ్ళు వదులు, వేళ్ళు పొట్టి. బొత్తాం పెట్టడం వాడికి పెద్ద కసరత్తే. పొద్దున మామూలుగా కానిచ్చేయండి. సాయంత్రం తీరిగ్గా, చివరి మెట్టు నుంచి మొదలుపెట్టండి. పెద్ద బొత్తాల చొక్కా బల్లమీద పరిచి, బొత్తాన్ని కాజాలో సగం మీరు దూర్చి వదలండి, అవతలికి లాగడం వాడి పని. అది చేతికొచ్చాక దూర్చడం. ఇలాగైతే పని పూర్తిచేసిన సంతోషం మొదటిరోజే వాడిదవుతుంది. స్నానానికి మగ్గు, సబ్బు, తువ్వాలు ఫొటోలు వరసగా గోడకి అతికించండి. ఈ పిల్లల్లో చాలామందికి విని నేర్చుకోవడం కన్నా చూసి నేర్చుకోవడం తేలిక. వేడినీళ్ళు మాత్రం మీరే కలపండి, గీజర్ జోలికి ఇప్పుడే వద్దు.

చక్రాలకుర్చీ:
నాకు సెరిబ్రల్ పాల్సీ (మెదడులో తేడావల్ల కండరాలు సరిగ్గా అదుపులో ఉండవు), వయసు 30 దాటింది, ఇక్కడే ఐటీలో ఉద్యోగం. నా బొత్తాలు ఇవాళ్టికీ వేరేవాళ్ళే పెడతారు. అంటే నేను ఎదగనట్టేనా? ఏ చొక్కా, తలుపెవరు వెయ్యాలి, లోపలికి ఎవరు రాకూడదు, ఇవి చెప్పడం మా అమ్మ నేర్పింది. పెద్దయ్యాక వికలాంగుడికి చట్టపరంగా సంరక్షకుణ్ణి (గార్డియన్‌ని) పెట్టాల్సొచ్చినా, ఆ వికలాంగుడి ఇష్టం ప్రకారం, అతనితో కలిసే నిర్ణయాలు తీసుకోవాలంటుంది 2016 వికలాంగుల హక్కుల చట్టం. ఇష్టం చెప్పడం 18 నిండిన రోజు పొద్దున్నే రాదు కదా. మీ అత్తయ్యనే చేయించనీండి, కాకపోతే వాణ్ణి అడిగి చేయించమనండి.

అనంతపురం_నాన్న:
మీకు నోరుంది సార్. మా అమ్మాయికి మాటలు రావు.

చక్రాలకుర్చీ:
కావాల్సింది చూపించి చెప్పడానికి బొమ్మల కార్డులున్నాయి కదండీ. అవీ లేకపోతే, మీ చెయ్యి తోసేసిందంటే వద్దనే. దానికి మొండితనమని పేరు పెట్టకుండా ఉంటే చాలు.

మారతహళ్ళి_అమ్మ:
అత్తయ్యకి అన్నీ చదివి వినిపించాను. బొత్తాల సంగతి సరేనన్నారు (చొక్కా కూడా ఆవిడే వెతికి తీశారు). అడగడం దగ్గరే గొడవ. ‘తలమీద నీళ్ళు పొయ్యనా అంటే వాడు రోజూ వద్దంటాడు, అప్పుడేం చెయ్యను?’ అంటున్నారు.

ఓటీ_అక్క:
పొయ్యాలా వద్దా అని అడగొద్దనండి. ముందు కాళ్ళమీదా, భుజాలమీదా అని అడగమనండి. ఆదివారం తలస్నానం మాత్రం వాడు వద్దన్నా తప్పదు లెండి.

చక్రాలకుర్చీ:
ఆ ‘తప్పదు’ దగ్గరే నాకు పేచీ. ఎందుకొద్దంటున్నాడో ఎవరైనా చూశారా? షాంపూ కళ్ళల్లో పడుతోందేమో. నీళ్ళు వాడి ఒంటికి వేడెక్కువేమో.